సర్కారు బడిలో చేసి నేర్చుకునే చదువు: నల్గొండ, పాలమూరు తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రాథమిక బడులకు పిల్లల్ని పంపే అమ్మానాన్నలు, ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) సభ్యులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఎస్జీటీలు (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులు రాసింది సర్కారు బడిలో పాఠాలు చెప్పే టీచరు. చట్టం చెప్పే మాట ఏదో, నా సొంత అభిప్రాయం ఏదో విడిగా తెలిసేలా రాశాను.

ప్రగతిశీల విద్య, కృత్యాధార బోధన అని మీటింగుల్లో చెబుతున్నారు. ఏంది సార్ అది, సూటిగా చెప్పండి.

పిల్లకు ఇప్పటికే తెలిసిన దగ్గర మొదలుపెట్టి, ఆ పిల్ల చేతనే చేయించి, మాట్లాడించి, తెలియని దగ్గరికి తీసుకుపోవడం. భిన్నాల పాఠం తీసుకోండి. బోర్డు మీద 1/4 రాసి, పైది లవం, కిందిది హారం అని చెప్పి, పదిసార్లు రాయిస్తే పిల్లలు రాస్తారు. కానీ 1/4 పెద్దదా 1/2 పెద్దదా అని అడిగితే, నాలుగు రెండు కన్నా పెద్దది కాబట్టి 1/4 పెద్దదంటారు. అదే పిల్లను కిరాణా కొట్టుకు పంపండి. పావుకిలో చక్కెరకు, అర్ధకిలో చక్కెరకు తేడా ఆ పిల్లకు బడిలో చేరకముందే తెలుసు. రెండు పావులు కలిస్తే అర్ధకిలో అని మనకే చెబుతుంది. టీచరు ఒక తక్కెడ, కొంచెం ఇసుక, నాలుగు సంచులు పెట్టి, తెలిసిన ఆ సంగతికి రాత గుర్తు చూపించాలి. ఆ తర్వాత బోర్డు మీద లెక్కలు, నోట్‌బుక్‌లో సాధన మామూలుగానే ఉంటాయి.

ఇది ఫారిన్ నుంచి తెచ్చి మన పిల్లల మీద రుద్దుతున్నదా?

అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అమెరికాలో జాన్ డ్యూయీ 1896లో షికాగోలో ఒక ప్రయోగ పాఠశాల నడిపాడు. మన దేశంలో రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టారు. గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. 1937లో వార్ధా సభలో గాంధీజీ చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు.

తెలుగు నేల మీద కూడా పాత కథే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలు ఎవరి కార్డు వాళ్లు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి తయారైంది. అది చూసి 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో, తర్వాత తమిళనాడు అంతటా అలాంటి కార్డులు వాడారు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల్లో బ్రిటన్ సాయంతో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) వచ్చింది. దానికి ఆరు సూత్రాలు: టీచరే కృత్యాలు తయారు చేసుకోవడం, చేసి నేర్చుకోవడం, గుంపులుగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనులను గదిలో ప్రదర్శించడం. మీ ఊళ్లో రిటైరైన సారు ఎవరైనా ఉంటే అడగండి, ఇప్పటికీ ఆరూ వరుసగా చెబుతారు. ప్రాజెక్టు ముగిసింది. అలవాటు మాత్రం కొందరు టీచర్లలోనే మిగిలింది.

ఇది టీచరు ఇష్టమా, లేక రూలా?

రూలే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇక్కడి నుంచి ఏ సెక్షన్ అన్నా ఈ చట్టానిదే. అందులో 29వ సెక్షన్ చదువు ఎలా ఉండాలో చెబుతుంది. పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలి. వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలి. పిల్లకు భయం, ఆందోళన ఉండకూడదు, తన అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పగలగాలి. ఎంత అర్థమైందో ఏడాది పొడుగునా గమనిస్తూ ఉండాలి.

ఇక నా మాట. హైదరాబాద్‌లో లక్షల్లో ఫీజు తీసుకునే బడులు రంగురంగుల బ్రోచర్లలో అమ్ముకునేది దీన్నే. సర్కారు బడిలో చదివే కూలివాళ్ల పిల్లకు ఇది చట్టం ఇచ్చిన హక్కు. ఇవ్వకపోతే అడగాలి.

మేము పోయినప్పుడల్లా పిల్లలు ఆడుకుంటూనే కనిపిస్తారు. చదువుడు ఎప్పుడు?

రెండు రకాల ఆట ఉంటుంది. చూడగానే తేడా తెలియదు, అందుకే మీకు అనుమానం రావడం న్యాయమే.

ఒకటో తరగతి పిల్లలు చింతగింజలతో కూర్చున్నారనుకోండి. పదేసి కుప్పలు పెడుతున్నారు, కుప్పలు ఎన్ని, మిగిలినవి ఎన్ని అని ఒకరినొకరు అడుగుతున్నారు, టీచరు మధ్యలో వచ్చి “ఇరవై మూడులో ఐదు తీసేయాలంటే ఎట్లా? విడివిడి గింజలు మూడే ఉన్నాయి కదా” అని అడుగుతున్నారు. ఒక పిల్ల పది గింజల కుప్పను విడగొడుతుంది. రెండో తరగతిలో తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తేవడం అనే లెక్కంతా ఆ విడగొట్టడంలో ఉంది. అది చదువు.

అవే చింతగింజలు పిల్లలకు ఇచ్చి టీచరు ఫోన్‌లో రిపోర్టులు ఎక్కిస్తూ కూర్చుంటే, అది వట్టి ఆట. ఆట చెడ్డదని కాదు, దానికి ఆటల పీరియడ్ ఉంది. ఆట పేరుతో చదువు వదిలేయడం పేద పిల్లలకు చేసే అన్యాయం. ఇంటి దగ్గర చెప్పేవాళ్లు ఉన్న పిల్లలు ఎలాగో గట్టెక్కుతారు, మన పిల్లలకు ఆ గంట పోతే పోయినట్టే.

తేడా తెలియాలంటే పిల్లనే అడగండి: “ఇయ్యాల ఆడిన ఆటలో ఏం తెలిసింది?” జవాబు వస్తే సరే. వారం రోజులు వరుసగా “ఏమో” అంటే వెళ్లి టీచరును కలవండి.

అంటే అక్షరాలు, గుణింతాలు, ఎక్కాలు నేర్పరా?

నేర్పాలి. ఈ విషయంలో మా వాళ్లలోనే గందరగోళం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పిల్లలు చుట్టూ ఉన్న మాటలు వింటూ మాట్లాడటం నేర్చుకున్నట్టే చదవడం కూడా దానంతటదే వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. తెలుగు లిపిలో అక్షరానికి ఒక ధ్వని ఉంది, గుణింతపు గుర్తు పడితే ఆ ధ్వని మారుతుంది, ఒత్తు పడితే ఇంకో ధ్వని కలుస్తుంది. ఈ ఏర్పాటు చాలా క్రమంగా ఉంటుంది, ఇంగ్లిష్ స్పెల్లింగులలాగా ఒక్కోచోట ఒక్కోలా పలకదు. అంత క్రమమైనదాన్ని పిల్లకు విడమరిచి చెప్పకుండా దాచడం ఎందుకు?

మారింది ఎక్కడంటే మొదలుపెట్టే చోట. వెనకట ‘అ’ నుంచి ‘ఱ’ దాకా వరుసగా దిద్దించి, ఆ తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు, చివరికి ఎప్పుడో ఒక మాట. నెలల తరబడి దిద్దినా పిల్ల ఒక్క అర్థమున్న మాట చదవదు. ఇప్పుడు తల, వల, కల, కలప లాంటి చిన్న మాటలతో మొదలుపెడతాం. నాలుగు అక్షరాలు రాగానే పది మాటలు చదవగలుగుతుంది. ఏనుగు బొమ్మ కింద ‘ఏనుగు’ అని రాసి చూపించి, బొమ్మ చూసి ఊహించి చెప్పినదాన్ని చదవడం అనుకోవద్దు. బొమ్మ మూసేసి చదివించండి.

ఎక్కాలు కూడా అంతే. ముందు మూడు నాలుగులు అంటే నాలుగేసి గింజల కుప్పలు మూడు అని చేతితో చేయాలి. అర్థమైన తర్వాత కంఠస్థం కావాల్సిందే. ఐదో తరగతిలో భాగహారం చేసేటప్పుడు ఏడు ఎనిమిదులు ఎంత అని వేళ్లు లెక్కపెట్టే పిల్లకు అసలు లెక్క మీద దృష్టి నిలవదు. బట్టీ పట్టడమే తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అర్థం కాకుండా పట్టించడం తప్పు.

తొలిమెట్టు అన్నది ఇదేనా?

దానికి దగ్గరిది. కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలన్నది లక్ష్యం. దాని కోసం మన రాష్ట్రంలో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు వచ్చిందే తొలిమెట్టు. ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ముందు చూసి, ఆ స్థాయి నుంచి చెప్పాలన్నది దాని సారం. ఆలోచన మంచిది. రిజిస్టర్లు నింపడమే కార్యక్రమం అయిపోకుండా చూసుకోవాలి.

ఒక్క సారే ఉన్నాడు, ఐదు తరగతులున్నాయి. ఇవన్నీ ఎట్ల సాధ్యం?

ఇదే అసలు ప్రశ్న.

లెక్క చూడండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి ఐదు వరకు వాటికి పరిసరాల విజ్ఞానం కలుస్తుంది. మొత్తం 18 పాఠ్యభాగాలు. చట్టం ప్రకారం ప్రాథమిక బడికి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఒకే టీచరు 18 భాగాలూ విడివిడిగా చెబితే ఒక్కోదానికి ఏడాదికి సుమారు 44 గంటలు వస్తాయి. అంటే మిగతా వేళంతా ఆ పిల్లలు ఊరికే కూర్చోవాలి, లేదా చూసి రాస్తూ ఉండాలి. ఒకటో తరగతి వాళ్లు పలక మీద ఒకే అక్షరం పొద్దంతా దిద్దడానికి కారణం అదే.

కాబట్టి చిన్న బడికి కృత్యాధార పద్ధతి తప్ప వేరే దారి లేదు. తరగతుల వారీగా కాకుండా 1-2 ఒక గుంపు, 3-4-5 ఒక గుంపు చేస్తాం. విషయం ఒకటే, పని వేరు. నీళ్ల గురించి పాఠం అయితే ఒకటో తరగతి వాళ్లు ఇంట్లో నీళ్లు పెట్టుకునే సామాను బొమ్మలు గీసి పేర్లు చెబుతారు. రెండో తరగతి వాళ్లు ఆ పేర్లు రాస్తారు. మూడో తరగతి వాళ్లు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఐదు వాక్యాలు రాస్తారు. నాలుగు, ఐదు వాళ్లు ఇంటికి రోజుకు ఎన్ని బిందెలు ఖర్చవుతాయో అడిగి పట్టిక వేసి, గ్రాఫు గీస్తారు. సారు ఒక గుంపుకు చెబుతుంటే రెండో గుంపు చేతిలో నిజమైన పని ఉంటుంది. పెద్ద పిల్ల చిన్న పిల్లకు చదివి వినిపించడం కూడా ఇందులో భాగమే. అది వెట్టి చాకిరి కాదు, చదివి వినిపించే పిల్లకే ఎక్కువ లాభం. కాకపోతే తెలివైన ఆ ఒక్క పిల్లనే రోజూ టీచరులా నిలబెట్టడం మాత్రం అన్యాయం.

ఇదంతా చెప్పి సర్కారు బాధ్యతను దాచలేను. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. మీ బడిలో ఉన్నవాళ్లను లెక్కపెట్టుకోండి. డెప్యుటేషన్ మీద వేరే చోటికి పోయినవాళ్లను కలపకండి.

టీచర్లు బడిలో కంటే బయట పనుల్లోనే ఎక్కువ ఉంటారెందుకు?

27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులు టీచర్లకు ఇవ్వకూడదు. ఆ మూడు పనులే తక్కువేం కాదు. వాటికి తోడు 2024 నవంబరులో రాష్ట్రం చేసిన ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్జీటీలు వెళ్లినప్పుడు ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. ఇవికాక యూడైస్ (బడి వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం), ఫొటోలు, యాప్‌లు. కృత్యం సిద్ధం చేయడానికి ముందురోజు అరగంట కావాలి. ఆ అరగంటను తినేది ఇవే.

కొట్టకుంటే మాట వింటరా? మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా.

చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. “నువ్వు బర్రెలు కాసుకోవడానికే పనికొస్తవ్” అనడం కూడా వేధింపే. మా బిడ్డను రెండు దెబ్బలు వేసైనా సరే చదివించండి అని మీరు అనుమతి ఇచ్చినా అది చెల్లదు.

క్రమశిక్షణ మాత్రం ఉండాలి. పిల్లలతోనే మూడు నాలుగు నియమాలు పెట్టించి గోడకు రాయిస్తే, తప్పినవాళ్లను పిల్లలే గుర్తు చేస్తారు. అల్లరికి సగం కారణం చేతిలో పని లేకపోవడం. ఆ సగం పని ఇస్తేనే పోతుంది. మిగతా సగానికి ఓపిక కావాలి, అది ఒక్కోరోజు మాకూ ఉండదు.

ఇంగ్లిష్ మీడియం అయ్యాక ఈ పద్ధతి పనికొస్తుందా?

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఆ ఏర్పాటు నిజంగా మంచిది. అయితే దాన్ని ఎలా వాడాలన్నదే చిక్కు.

తల్లిదండ్రులు ఇంగ్లిష్ కోరుకోవడం తప్పని నేను అనను. ఉద్యోగాలు, పై చదువులు ఏ భాషలో ఉన్నాయో వాళ్లకు తెలుసు. మాకు అనుభవంలో కనిపించేది ఏమిటంటే, తెలుగులో ధారాళంగా చదివే పిల్ల ఇంగ్లిష్ చదవడం తొందరగా అందుకుంటుంది. తెలుగే చదవలేని పిల్ల ఇంగ్లిష్‌లో ప్రశ్నా జవాబులు బొమ్మ గీసినట్టు గీసి పెడుతుంది. నోట్‌బుక్ చూస్తే ముచ్చటగా ఉంటుంది. వేలు పెట్టి ఒక మాట చదవమంటే రాదు.

కాబట్టి ఒకటి, రెండు తరగతుల్లో ఇంగ్లిష్ ఎక్కువగా నోటితో, పాటలతో, చిన్న చిన్న ఆదేశాలతో సాగాలి. లెక్కలు, పరిసరాల పాఠం తెలుగులో ఆలోచించి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేరు తగిలించాలి. మీ పిల్ల ఇంగ్లిష్ పాఠాన్ని తెలుగులో వివరించగలిగితే సంతోషించండి, అర్థమైందన్నమాట.

మా తండాలో ఇంట్లో తెలుగు మాట్లాడం. మా పిల్లల సంగతి?

దేవరకొండ, చందంపేట వైపు తండాల్లో లంబాడీ పిల్లలు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతారు. నారాయణపేట, గద్వాల సరిహద్దు ఊళ్లలో కన్నడం వినిపిస్తుంది. వీళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. పిల్ల బడికి వచ్చి నెలరోజులు నోరు విప్పకపోతే మొద్దు అని ముద్ర వేయడం చాలా బడుల్లో జరిగింది. ఆ పిల్ల ఇంట్లో తీరిక లేకుండా మాట్లాడే పిల్లే అయి ఉంటుంది.

రాజ్యాంగం 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించాలంటుంది. పుస్తకాలు వచ్చేదాకా ఆగకుండా టీచరు చేయగలిగేవి ఉన్నాయి. గోర్‌బోలికి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. బొమ్మ గీసి, కింద ఇంటి మాట, తెలుగు మాట, ఇంగ్లిష్ మాట మూడూ రాసిన చార్టు గోడకు ఉంటే పిల్ల మొదటిరోజే ఒక మాట తనదని గుర్తుపడుతుంది. ఆ ఇంటి మాటలు టీచరుకు చెప్పేది పిల్లలే, అంటే ఆ పీరియడ్‌లో పాఠం చెప్పేది వాళ్లు. తండా నుంచి వచ్చే పెద్ద పిల్లలను, అంగన్‌వాడీ ఆయాను మొదటి నెలల్లో సాయం అడగాలి. తండా అవ్వను పిలిచి ఆ భాషలోనే కథ చెప్పించి, అదే కథను తర్వాత తెలుగులో చెబితే కొత్త భాష భారం సగం తగ్గుతుంది. టీచరు ఆ భాషలో పది మాటలు నేర్చుకుని తప్పుగా పలికినా సరే, పిల్లలు నవ్వుతారు, నవ్వాక మాట్లాడతారు.

దసరా తర్వాత మేము వలస పోతాం. పిల్ల చదువు ఆగిపోతుంది కదా?

పాలమూరుకు ఇది కొత్త ప్రశ్న కాదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని హైదరాబాద్, ముంబయి, పుణె పనులకు, ఇటుక బట్టీలకు పోయే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడు సంగతులు తెలుసుకోండి. పిల్లను ఊళ్లోనే ఉంచగలిగితే సీజనల్ హాస్టల్ (వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపేది) గురించి హెచ్‌ఎంను ముందుగానే, పోయే వారం కాదు, దసరాకు ముందే అడగండి. వెంట తీసుకుపోతే అక్కడి సర్కారు బడి చేర్చుకోవాల్సిందే. చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లను 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టకూడదు.

టీచర్లకు ఒక మాట. బట్టీ నుంచి తిరిగి వచ్చిన పిల్లవాడు ఏమీ రానివాడు కాదు. అక్కడ కూలి వెయ్యి ఇటుకల లెక్కన కడతారు. వేలల్లో లెక్కపెట్టడం, అడ్వాన్సులో ఎంత పోయిందో తీసివేయడం వాడు ఇంట్లో వింటూ పెరిగాడు. ఎదురుగా కూర్చున్న నాలుగో తరగతి వాళ్లకు ఇంకా వేల స్థానం దగ్గర తికమక ఉంటుంది. ఆ పాఠం వాడితో మొదలుపెట్టండి.

ప్రాజెక్టు అంటే చార్టు, గ్లిట్టర్ పెన్నులు కొనివ్వడమేనా? ఖర్చే గాని ఏం లాభం?

షాపులో బొమ్మల షీటు కొని అతికించేది ప్రాజెక్టు కాదు. అలాంటిది అడిగితే కొనకండి. మన దగ్గర పైసా ఖర్చు లేని విషయాలు ఎన్నో ఉన్నాయి.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు పిల్లలకు ఫ్లోరైడ్ కంటే పెద్ద పాఠం లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు గారలు, ఎక్కువ కాలం తాగితే ఎముకలకు కీడు. పిల్లలు ఊరి పటం గీసి పాత బావులు, బోర్లు, భగీరథ ట్యాంకు గుర్తిస్తారు. ఏ కాలంలో ఏ నీళ్లు తాగామో పెద్దవాళ్లను అడిగి రాసుకుంటారు. పటిక, సున్నం కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. తమ జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లో ఎందుకు ఉందో ఐదో తరగతి పిల్లలు తెలుసుకుంటే, పటిక వేస్తే మురికి నీళ్లు ఎలా తేరుకుంటాయో గాజు సీసాలో చూస్తే, అది పదేళ్లయినా మరిచిపోరు. ఒక జాగ్రత్త: వంకర కాళ్లతో బాధపడుతున్న తాతను చూపించడానికి పిల్లల్ని వరుసగా తీసుకుపోకండి. ఆయన చెప్పాలనుకుంటే చెబుతారు, వింటారు.

నల్గొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో లింగం మీద రోజంతా స్తంభం నీడ పడుతూనే ఉంటుంది. ఎట్లా అని పిల్లలనే అడగండి. అట్టపెట్టెకు కిటికీలు కోసి, లోపల రెండు పెన్సిళ్లు నిలబెట్టి, టార్చిలైటును ఒక్కో దిక్కు నుంచి వేసి చూడనివ్వండి. వెలుతురు వేర్వేరు దిక్కుల నుంచి స్తంభాల మధ్యగా వచ్చినప్పుడు నీడ ఎక్కడ పడుతుందో వాళ్లే తేల్చుకుంటారు. భక్తికి వచ్చిన నష్టం ఏమీ లేదు, కట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

పుట్టపాక, పోచంపల్లి వైపు ఇక్కత్ చీరల్లో, గద్వాల చీర అంచుల్లో సౌష్ఠవం, పునరావృతమయ్యే ఆకారాలు లెక్కల పుస్తకం కన్నా బాగా దొరుకుతాయి. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు ఎక్కడ పూస్తాయి, ఈ ఏడు తగ్గాయా అని రాసుకుంటే అదే పరిసరాల విజ్ఞానం.

పరీక్షలు, మార్కులు ఉండవా?

ఉంటాయి. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (పాఠాలు సాగుతుండగా చూసే నిర్మాణాత్మక మూల్యాంకనం), రెండు ఎస్‌ఏలు (అన్నీ కలిపి పెట్టే సంగ్రహణాత్మక పరీక్ష). ఎఫ్‌ఏలో పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ అని నాలుగు భాగాలు చూస్తారు. కాగితం మీద ఇది చాలా మంచి పద్ధతి. ఆచరణలో నాలుగింటికీ స్లిప్ టెస్ట్ చూసే మార్కులు పంచే బడులూ ఉన్నాయి. మీ పిల్ల ప్రోగ్రెస్ కార్డులో మార్కు చూశాక, ఏది వచ్చు, ఏది రాదు అని టీచరును అడగండి. చెప్పగలిగితే మూల్యాంకనం జరిగినట్టు.

గురుకులం సీటు, నవోదయ సీటు వస్తాయా ఇలా చదివితే?

ప్రతి ఇంట్లో ఉన్న టెన్షన్ ఇదే, తప్పు లేదు. దేశంలో గురుకుల చదువుకు దారి వేసింది మన ఉమ్మడి నల్గొండలోని సర్వేల్ అనే ఊరే. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అక్కడ మొదటి గురుకులం తెరిచారు. ఇప్పుడు ఐదో తరగతి ప్రవేశ పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, మెంటల్ ఎబిలిటీ ఉంటాయి, స్థాయి నాలుగో తరగతిది. చలకుర్తి, వట్టెం నవోదయలకు ఆరో తరగతి పరీక్ష. ఈ ప్రశ్నలు చాలావరకు చదివి అర్థం చేసుకునేవే. చదవడం వచ్చిన పిల్లకు చివరి రెండు మూడు నెలల్లో పాత పేపర్లు, ఓఎంఆర్ గుండ్రాలు అలవాటు చేస్తే సరిపోతుంది. మూడో తరగతి నుంచే గైడ్లు పట్టించి కోచింగ్‌కు పంపితే సీటు వచ్చినా రాకపోయినా పిల్లకు చదువంటే విసుగు పుడుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: సీటు రానివాళ్లే ఎక్కువ. బడి వాళ్ల కోసం కూడా నడవాలి.

ప్రైవేటు బడి బస్సు ఇంటి ముందుకే వస్తుంది. ఎందుకు పంపకూడదు?

పంపడం మీ ఇష్టం. పంపేముందు ఆ బడిలో మీ పక్కింటి రెండో తరగతి పిల్లను తను ఎప్పుడూ చూడని కథల పుస్తకం చదవమనండి, మన బడి పిల్లనూ చదవమనండి. యూనిఫాం, టై చూసి తేల్చుకోవద్దు. సర్కారు బడిలో పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే ఉన్న పిల్లలూ పోతారు. ఇది నేను తల్లిదండ్రుల మీద వేసే నేరం కాదు, జరుగుతున్న సంగతి.

హోంవర్క్ ఇవ్వరేం?

2020 స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి వరకు హోంవర్క్ వద్దు. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు.

నాకు చదువు రాదు. ఇంట్లో నేనేం చేయగలను?

చాలా చేయగలరు. రాత్రి అన్నం తినేటప్పుడు ఒక కథ చెప్పండి. మీ అమ్మ మీకు చెప్పింది చాలు. బస్సు బోర్డు, కొట్టు పేరు, విత్తనాల సంచి మీది రాత చదివించండి. “నాకు చదువు రాదు, నువ్వే చదివి చెప్పు” అంటే పిల్లకు ఎంత గర్వమో చూడండి. పత్తి ఏరిన కూలి లెక్క, పాల లెక్క పిల్లతో వేయించండి. తప్పు చేస్తే వెంటనే చెప్పకుండా “మళ్లీ చూడు” అనండి. ట్యూషన్ డబ్బులు మిగుల్చుకోండి. సర్కారు టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పడం 28వ సెక్షన్ ప్రకారం నిషేధం కూడా.

బడికి వచ్చి చూస్తే ఏం చూడాలి?

గోడల మీద ఉన్నవి పిల్లలు రాసినవా, కొన్నవా చూడండి. లైబ్రరీ పుస్తకాలు నలిగి ఉన్నాయా, బీరువాలో కొత్తగా మెరుస్తున్నాయా చూడండి. నలిగినవే మంచివి. నలుగురు పిల్లల నోట్‌బుక్‌లు పక్కపక్కన పెట్టండి. అందరి జవాబూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే బోర్డు చూసి రాసిందని అర్థం. వెనక వరుసలో కూర్చునే పిల్లతో టీచరు మాట్లాడుతున్నారా గమనించండి. కొత్త టీచర్లకు నేను చెప్పేది కూడా ఈ చివరిదే: తనిఖీకి వచ్చినవాళ్లు మొదటి వరుసను చూస్తారు, మీరు చివరి వరుసను చూడండి.

ఎస్‌ఎంసీలో ఉంటే ఏం అధికారం ఉంటుంది?

21వ సెక్షన్ ప్రకారం కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది మీరే. నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఖర్చయ్యాయి అని చూడొచ్చు. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మహిళా సంఘాల ద్వారా మరమ్మతులు, నీళ్లు, మరుగుదొడ్ల పనులు చూస్తున్నాయి. తీర్మానాల రిజిస్టర్లో ఖాళీ పేజీ మీద సంతకం పెట్టకండి. చదివించుకుని, ఆ తర్వాతే పెట్టండి.

వినికిడి లోపం, నడక లోపం ఉన్న పిల్లను చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి, మామూలు తరగతిలోనే కూర్చోబెట్టాలి. మండలంలో భవిత కేంద్రం (ఇలాంటి పిల్లల కోసం నడిచేది) ఉంటే అక్కడి రిసోర్స్ టీచర్ సాయం అడగండి. చేత్తో తాకి, చూసి, చేసి నేర్చుకునే తరగతిలో ఈ పిల్లలకే మొదట ఊపిరాడుతుంది.

ఏడాది మధ్యలో చేర్చాలంటే ఏ కాగితాలు కావాలి?

బడిబాట జూన్‌లో జరుగుతుంది గాని, అప్పుడే చేరాలన్న నియమం లేదు. పుట్టిన తేదీ కాగితం లేదని 14వ సెక్షన్ ప్రకారం చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి టీసీ ఆలస్యమైందని 5వ సెక్షన్ ప్రకారం ఆపకూడదు. ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. ఉన్న కాగితాలు పట్టుకుని పిల్లతో కలిసి వెళ్లండి. హెచ్‌ఎం కాదంటే ఆ కారణం రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.